పాత వీడియో గేమ్‌కూ కొత్త టీవీకీ ఎందుకు పొసగదు? ఎలా కలపాలి?

ఎల్‌ఈడీ టీవీ అంటే ఎక్కడో దూరదేశంలో తయారై వచ్చేదనుకునే రోజులు పోయాయి. షావోమీ కంపెనీకి డిక్సన్ సంస్థ 2018లో టీవీలు తయారుచేయడం మొదలుపెట్టింది మన తిరుపతిలోనే. టీవీ తెరలు తయారుచేసే టీసీఎల్ ఫ్యాక్టరీకి అదే ఏడాది డిసెంబరులో శంకుస్థాపన జరిగిందీ ఇక్కడే. ఇంత దగ్గర తయారవుతున్నా కొత్త టీవీకి మన ఇంటి అటక మీది పాత వీడియో గేమ్ పెట్టె అంటే గిట్టదు. తొంభైల్లో చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో, బర్మా బజారులోనో బేరమాడి కొన్నదో, కువైట్ నుంచి సెలవుకొచ్చిన మామ సూట్‌కేసులో పెట్టుకొచ్చిందో, ఏదైనా సరే. కలిపితే బొమ్మ రాదు. వస్తే రంగు రాదు. రంగొస్తే అలుక్కుపోయినట్టుంటుంది. అన్నీ బాగున్నా బటన్ నొక్కిన కాసేపటికి గానీ మారియో ఎగరడు. వేసవి సెలవుల్లో పిల్లలకు తమ చిన్ననాటి ఆట చూపించాలనుకునే తండ్రులు టీవీ మెకానిక్‌ను అడిగే ప్రశ్నలివి. ఒక్కొక్కటే చూద్దాం.

అసలు పేచీ ఎక్కడ?

పాత డబ్బా టీవీలో తెర వెనక ఒక ఎలక్ట్రాన్ ధార ఉండేది. ఎడమ నుంచి కుడికి ఒక గీత గీసి, చప్పున వెనక్కి వచ్చి, దాని కింద ఇంకో గీత గీసేది. మన దేశంలో రంగుల ప్రసారాలు 1982లో మొదలయ్యాయి. వాటికి ఎంచుకున్న పాల్ పద్ధతిలో ఒక నిండు బొమ్మకు 625 గీతలు, అందులో కంటికి కనిపించేవి 576. సెకనుకు 15,625 గీతలు గీస్తే తప్ప ఆ లెక్క కుదరదు. తెర అంతటా ఒకేసారి బొమ్మ ఉండటమన్నది నిజానికి ఎప్పుడూ లేదు. ధార వేగం వల్ల, తెర మీది పూత కాసేపు వెలగడం వల్ల మన కంటికి అలా తోచేది.

ఆనాటి గేమ్ పెట్టె టీవీకి పంపింది కూడా బొమ్మ కాదు. ఇక్కడ వెలుగు పెంచు, ఇక్కడ తగ్గించు, గీత అయిపోయింది వెనక్కి రా అంటూ ధారకు ఇచ్చే ఆదేశాలు. నింటెండో 1983లో జపాన్‌లో విడుదల చేసిన ఫామికామ్‌లో నిండు బొమ్మను దాచుకునేంత మెమరీయే లేదు. ధార ఏ గీత మీదికి వస్తే ఆ గీతకు కావలసిన చుక్కలను అప్పటికప్పుడు లెక్కగట్టి పంపేది. మన ఊళ్లలో పసుపు రంగు క్యాసెట్లతో, రెండు రిమోట్లతో అమ్మిన పెట్టెల్లో చాలావాటికి అదే మూలం. పైన పేరు ఏదున్నా లోపలిది ఫామికామ్ నకలే.

కొత్త టీవీ ఇందుకు పూర్తిగా వేరు. దాని తెర మీద చుక్కలు ముందే అమర్చి ఉంటాయి. అడ్డంగా 1366, నిలువుగా 768. లేదా 1920, 1080. ఫోర్‌కే అయితే 3840, 2160. దానికి గీతలు అక్కర్లేదు, నిండు బొమ్మ కావాలి. శ్రీకాళహస్తి కలంకారీలో పనివాడు కలం పట్టుకుని గీత వెంట గీత గీస్తాడు. పెడనలో చెక్కిన దిమ్మెతో ఒకేసారి అచ్చు వేస్తారు. డబ్బా టీవీది శ్రీకాళహస్తి పద్ధతి, ఎల్‌ఈడీది పెడన పద్ధతి. గీసే చెయ్యి ఎటు కదులుతుందో చూసి, ఆ కదలికల నుంచి దిమ్మె చెక్కించాలంటే మధ్యలో ఎవరో ఒకరు పూనుకోవాలి. ఆ పని టీవీ చేస్తుందా, మనం కొనే పెట్టె చేస్తుందా, ఎంత బాగా చేస్తుంది, ఎంతసేపు తీసుకుంటుంది? కింది చిక్కులన్నీ ఈ ప్రశ్న చుట్టూ తిరిగేవే.

పసుపు పిన్ను పెట్టడానికి టీవీలో చోటే లేదే, ఏం చేయాలి?

ముందు టీవీ వెనకా పక్కనా బాగా వెతకండి. పసుపు, తెలుపు, ఎరుపు రంధ్రాలు మూడూ విడివిడిగా ఉండే రోజులు పోయాయి గానీ, చాలా టీవీల్లో ఆ సౌకర్యం వేరే రూపంలో ఉంది. ఇయర్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం లాంటిదే ఒకటి ఉండి, పక్కన 'ఏవీ ఇన్' అని రాసి ఉంటుంది. ఒక చివర ఆ పిన్ను, ఇంకో చివర మూడు రంగుల రంధ్రాలు ఉన్న పొట్టి వైరు టీవీతో పాటే అట్టపెట్టెలో వస్తుంది. చాలామంది దాన్ని పక్కన పడేస్తారు.

బయట కొన్న పొట్టి వైరుతో బొమ్మ రాకపోతే వైరు చెడిపోయిందనుకోనక్కర్లేదు. ఆ చిన్న పిన్ను మీద నాలుగు వలయాలుంటాయి. ఏ వలయం బొమ్మది, ఏది శబ్దానిది అన్న వరుస కంపెనీ కంపెనీకీ మారుతుంది. గేమ్ నుంచి వచ్చే పసుపు పిన్నును తెలుపులో, ఎరుపులో మార్చి మార్చి పెట్టి చూడండి. ఇవి చాలా చిన్న సిగ్నళ్లు, తారుమారైనా టీవీకి ప్రమాదం లేదు. క్యాసెట్ పెట్టెలకు శబ్దం పిన్ను ఒకటే ఉంటుంది. దాన్ని తెలుపులో పెడితే ఒక పక్క స్పీకరే మోగవచ్చు. అది లోపం కాదు, పెట్టె పంపే శబ్దమే ఒంటి దారిది.

ఏవీ పిన్నులే లేకుండా యాంటెన్నా వైరు మాత్రమే ఉన్న మరీ పాత పెట్టె అయితే, టీవీలో యాంటెన్నా రంధ్రం ఉందో లేదో చూసి, అనలాగ్ ఛానళ్లు వెతకమని ఆటో ట్యూన్ పెట్టాలి. అప్పుడు గేమ్ ఆన్ చేసి ఉండాలి. దూరదర్శన్ అనలాగ్ ప్రసారాలు దాదాపు ఆగిపోయాయి కాబట్టి టీవీకి దొరికే ఛానల్ మీ గేమే కావచ్చు. ఆ దారిలో బొమ్మ అన్నిటికన్నా నాసిగా ఉంటుంది. పెట్టెకు ఏవీ పిన్ను కూడా ఉంటే దాన్నే వాడండి.

ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి వైరు ఒకటి కొంటే సరిపోదా?

సరిపోదు. ఒక చివర మూడు రంగుల పిన్నులు, ఇంకో చివర హెచ్‌డీఎంఐ ఉన్న ఉత్త వైరు బజారులో దొరుకుతుంది గానీ, పాత గేమ్‌కు అది ఎందుకూ పనికిరాదు. పసుపు పిన్నులో వచ్చేది ఎగుడుదిగుడు విద్యుత్ అల. హెచ్‌డీఎంఐ ప్రమాణం 2002 డిసెంబరులో వచ్చింది, అందులో ప్రవహించేది అంకెల రూపంలో ఉన్న బొమ్మ. అలను అంకెలుగా మార్చే చిప్పు మధ్యలో ఉండి తీరాలి. చిప్పుకు కరెంటు కావాలి. కాబట్టి చిన్న పెట్టె, దానికి సెల్‌ఫోన్ ఛార్జర్ లాంటి ఐదు వోల్టుల వైరు లేకుండా మార్పిడి జరగదు.

కొనేటప్పుడు ఇంకో మెలిక. 'ఏవీ నుంచి హెచ్‌డీఎంఐ', 'హెచ్‌డీఎంఐ నుంచి ఏవీ' అని రెండు రకాల పెట్టెలు చూడ్డానికి ఒకేలా ఉంటాయి. రెండోది కొత్త సెట్‌టాప్ బాక్సును పాత టీవీకి కలపడానికి. మనకు కావలసింది మొదటిది. మూడు రంగుల వైపు 'ఇన్‌పుట్' అని, హెచ్‌డీఎంఐ వైపు 'అవుట్‌పుట్' అని రాసి ఉంటేనే తీసుకోండి. దాని మీద 720, 1080 అని మారే మీట ఒకటుంటుంది. 1080 వైపు నెట్టినంత మాత్రాన గేమ్‌లో లేని వివరం పుట్టుకురాదు. రెండు వైపులా నెట్టి చూసి, ఏది తేటగా ఉంటే దాన్ని ఉంచుకోవాలి. 240 గీతల ఆటకు తరచూ 720 మేలు. ఎందుకో ఇంకాసేపట్లో తెలుస్తుంది.

బొమ్మ వస్తా ఉంది గానీ రంగు రాలేదే, ఎందుకు?

కారణాలు రెండు. ఒకటి రంధ్రం పొరపాటు. కొన్ని టీవీల్లో ఒకే రంధ్రానికి పసుపు, ఆకుపచ్చ రంగులు రెండూ వేసి ఉంటాయి. దాన్ని మామూలు ఏవీకి వాడుకోవచ్చు, కాంపొనెంట్ అనే మెరుగైన పద్ధతికీ వాడుకోవచ్చు. పసుపు పిన్ను అందులో పెట్టి, టీవీ మెనూలో కాంపొనెంట్ ఎంచుకుంటే బొమ్మ నలుపు తెలుపుల్లోనే వస్తుంది. కాంపొనెంట్‌లో ఆ తీగ మోసేది వెలుగును మాత్రమే. రంగుకు వేరే రెండు తీగలు ఉంటాయని టీవీ ఎదురుచూస్తూ ఉంటుంది. సోర్స్ మెనూలో ఏవీ అని మారిస్తే రంగు వచ్చేస్తుంది.

రెండోది దేశాల తేడా. కువైట్ నుంచి వచ్చిన పెట్టెతో ఈ చిక్కు తక్కువ. అక్కడిదీ పాల్ పద్ధతే, సెకనుకు 50 తెరలే (ధార పైనుంచి కిందికి ఒకసారి గీసేదాన్ని తెర అందాం). కరెంటూ మనకు దగ్గరిదే, 240 వోల్టులు. అమెరికాలో చదువుకుంటున్న అబ్బాయి తెచ్చినదైతే ఎన్‌టీఎస్‌సీ పద్ధతిది: 525 గీతలు, సెకనుకు 60 తెరలు. రంగును మోసే అల వేగం కూడా వేరు. పాల్‌లో 4.43 మెగాహెర్ట్జ్, ఎన్‌టీఎస్‌సీలో 3.58. టీవీ ఒకదాని కోసం వెతుకుతుంటే రెండోది దొరకదు, రంగు పోతుంది. మెనూలో 'కలర్ సిస్టమ్' అన్నచోట 'ఆటో' పెడితే చాలా కొత్త టీవీలు రెండింటినీ గుర్తుపడతాయి.

రంగు కన్నా ముందు చూడాల్సింది కరెంటు. అమెరికా ఇళ్లలో వచ్చేది 120 వోల్టులు, మన గోడలో వచ్చేది 230. అడాప్టర్ మీదో, పెట్టె అడుగునో '100–240' అని ఉంటేనే నేరుగా ప్లగ్గులో పెట్టండి. '120' అని మాత్రమే ఉంటే వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ముట్టుకోకండి. క్యాసెట్ పెట్టెకు అడాప్టర్ పోయి కొత్తది కొంటుంటే వోల్టులు సరిపోవడంతో ఆగకూడదు. ఇప్పటి అడాప్టర్లలో మధ్య పిన్ను ప్లస్‌గా ఉండటం మామూలు. ఫామికామ్ వంశపు పెట్టెల్లో అది మైనస్‌గా ఉండవచ్చు. రెండింటి మీదా గుండ్రటి గుర్తు ఉంటుంది, పోల్చి చూసుకోవాలి.

పాల్ రకం క్యాసెట్ పెట్టెల్లో ఇంకో విశేషం ఉంది. ఆ ఆటల్ని సెకనుకు 60 తెరల జపాన్ టీవీల కోసం రాశారు. మన పెట్టె 50 తెరలే ఇస్తుంది. అంటే ఆట ఆరో వంతు నెమ్మదిగా నడుస్తుంది. మన తరం ఆడిన కాంట్రా అసలు కాంట్రా కన్నా నిదానం. సెల్‌ఫోన్‌లో అదే ఆట ఆడితే ఇప్పుడు చెయ్యి అందుకోలేకపోవడానికి వయసు ఒక్కటే కారణం కాదు.

రంగు వచ్చింది. కానీ బొమ్మ అలుక్కుపోయినట్టు, అదిరినట్టు ఎందుకుంది?

ఈ వ్యవహారమంతటికీ ఇదే మూలం, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. 625 బేసి సంఖ్య. టీవీ ప్రసారంలో బొమ్మను రెండు విడతలుగా గీసేవారు, ఒక్కో విడతకు 312న్నర గీతలు. ఆ అర గీతలోనే కిటుకుంది. దానివల్ల రెండో విడత మొదటి విడత గీతల మధ్య సందుల్లో సరిగ్గా వచ్చి పడుతుంది. సగం సమాచారంతోనే నిండు తెర కనిపిస్తుంది. కానీ గీతల అంచులు సన్నగా వణుకుతాయి.

గేమ్ చేసినవాళ్లకు ఆ వణుకు అక్కర్లేదు. వాళ్లు ఆ అర గీతను కత్తిరించేశారు. పాల్ పెట్టె విడతకు 312 గీతలే, ఎన్‌టీఎస్‌సీ పెట్టె 262న్నరకు బదులు 262 గీతలే పంపుతుంది. దాంతో ప్రతి విడతా మునుపటి గీతల మీదే పడుతుంది. సందులు నల్లగా మిగిలిపోతాయి, బొమ్మ మాత్రం నిశ్చలంగా, సెకనుకు 50 లేదా 60 సార్లు నిండుగా మారుతుంది. ఇందులో బొమ్మకు పనికొచ్చేవి సుమారు 240 గీతలు కాబట్టి దీన్ని 240పి అంటారు. ఏ ప్రసార సంస్థా ఇలాంటి సిగ్నల్ పంపలేదు. డబ్బా టీవీ మాత్రం వచ్చిన ఆదేశాన్ని వచ్చినట్టు పాటించింది కాబట్టి అంతా సవ్యంగా నడిచింది.

కొత్త టీవీలోని చిప్పు ప్రసారాల కోసం తయారైంది. దానికి 240పి అన్నది తెలియదు. చాలా టీవీలు దాన్ని రెండు విడతల బొమ్మే అనుకుని, వరుసగా వచ్చిన రెండు తెరలను ఒకదానిలో ఒకటి అల్లేస్తాయి. కదలని చోట అంచులు మసకబారుతాయి, కదిలే చోట దువ్వెన పళ్లలా చీలుతాయి. దెబ్బ తిన్న హీరో మిణుకుమనడం గుర్తుందా? ఒక తెరలో కనిపించి, మరుసటి తెరలో మాయమై, మళ్లీ కనిపిస్తాడు. రెండు తెరలను కలిపేసే టీవీలో అతను గీతలు గీతలుగా మిగులుతాడు, లేదంటే ఆ కాసేపూ పూర్తిగా కనబడకుండా పోతాడు. ఫామికామ్ ఒక గీత మీద ఎనిమిది కదిలే బొమ్మలనే చూపగలదు. అంతకు మించితే ఆట వాటిని వంతులవారీగా చూపిస్తుంది. శత్రువులు గుంపుగా వచ్చినప్పుడు కొత్త టీవీలో తెర గందరగోళంగా కనిపించడానికి ఇదీ ఒక కారణం.

దీనికి తోడు భాగహారం లెక్క. 240 గీతలను 720 చుక్కల ఎత్తుకు సాగదీస్తే ఒక్కో గీత సరిగ్గా మూడింతలవుతుంది. 2160కి సరిగ్గా తొమ్మిదింతలు. 1080కి మాత్రం నాలుగున్నర. ఆ అరను ఎటో సర్దాలి కాబట్టి కొన్ని గీతలు లావు, కొన్ని సన్నం, లేకపోతే అన్నీ కాస్త మసక. 768 చుక్కల చిన్న టీవీల్లోనూ ఇదే తంటా.

పసుపు పిన్నుది కూడా తక్కువ పాపమేమీ కాదు. వెలుగు, రంగు రెండూ ఒకే తీగలో కలిసి వస్తాయి. వాటిని విడదీసేటప్పుడు పూర్తిగా విడిపోవు. అక్షరాల అంచున చీమలు పాకినట్టు చుక్కలు కదిలేది అందుకే. అయితే ఆటల చిత్రకారులు ఈ లోపాన్ని తెలిసే వాడుకున్నారు. 1991లో వచ్చిన సోనిక్ ఆటలో జలపాతం నిజానికి నిలువు చారలు మాత్రమే. పసుపు పిన్నులో, డబ్బా తెర మీద ఆ చారలు కలిసిపోయి పారదర్శకమైన నీరుగా కనిపించేవి. బొమ్మను పూర్తిచేసే పనిలో సగం టీవీకి వదిలేశారన్నమాట. అందువల్ల 'మరీ స్పష్టంగా' చూపే కొత్త తెర అన్ని ఆటలకూ న్యాయం చేస్తుందని అనుకోలేం.

మనుషులు పొట్టిగా లావుగా ఎందుకయ్యారు? అంచుల్లో ఆ చెత్త ఏమిటి?

పాత తెర కొలత 4:3, కొత్తది 16:9. టీవీ ఖాళీ ఉంచడం ఇష్టంలేక బొమ్మను అడ్డంగా సాగదీస్తుంది. 'పిక్చర్ సైజ్' లోకి వెళ్లి 4:3 పెట్టండి. అటూ ఇటూ నల్ల పట్టీలు వస్తాయి, 1080 చుక్కల ఎత్తున్న తెరలో బొమ్మ 1440 చుక్కల వెడల్పుకు పరిమితమవుతుంది. అదే దాని అసలు ఆకారం. చవక మార్పిడి పెట్టె తానే 16:9కి సాగదీసి పంపుతుంటే కూడా టీవీ మెనూలో 4:3తో సరిచేసుకోవచ్చు.

అంచుల సంగతి వేరు. డబ్బా టీవీ బొమ్మ చివరలను చట్రం వెనక దాచేసేది. అది తెలిసిన ఆట తయారీదారులు ఆ చోటును పట్టించుకోలేదు. 1988 నాటి సూపర్ మారియో 3 లో తెర కుడి అంచున రంగులు తప్పుగా కనిపించేది ఆట చెడిపోయి కాదు, దాచాల్సింది బయటపడి.

నొక్కింది ఒకప్పుడు, ఎగిరేది ఇంకొకప్పుడు. ఎందుకిలా?

ధారకు ఆలోచన లేదు, సిగ్నల్ వచ్చిన క్షణమే గీత పడుతుంది. కొత్త టీవీ ముందు తెర మొత్తాన్ని మెమరీలోకి తీసుకుంటుంది, రెండు విడతలను కలుపుతుంది, సాగదీస్తుంది, మచ్చలు తుడుస్తుంది, రంగులకు మెరుగులు దిద్దుతుంది, ఆ తర్వాతే చూపిస్తుంది. సినిమా చూసేటప్పుడు ఈ ఆలస్యం తెలియదు, శబ్దాన్నీ అంతే ఆలస్యం చేస్తారు. ఆటలో మాత్రం చేతికి తెలిసిపోతుంది. 60 తెరల ఆటలో ఒక తెర ఉండేది సుమారు 16.7 మిల్లీసెకన్లు. మెరుగులన్నీ ఆన్‌లో ఉన్న టీవీ 50 నుంచి 100 మిల్లీసెకన్లు తీసుకోవడం అరుదు కాదు. అంటే మూడు నుంచి ఆరు తెరల వెనకబాటు. కాంట్రాలో గుండు తగలడానికి అది చాలు.

దీనికి మందు చాలావరకు ఉచితం. పిక్చర్ మోడ్‌లో 'గేమ్' ఎంచుకోండి. నాయిస్ రిడక్షన్, మోషన్ స్మూతింగ్, డైనమిక్ కాంట్రాస్ట్ లాంటివి ఆపేయండి. షార్ప్‌నెస్ బాగా తగ్గించండి. కొన్ని టీవీల్లో గేమ్ మోడ్ హెచ్‌డీఎంఐకి మాత్రమే వస్తుంది, ఏవీ రంధ్రానికి రాదు. అలాంటప్పుడు ఆలస్యం తగ్గించడానికే మార్పిడి పెట్టె కొనాల్సి రావచ్చు. ఆ పెట్టె కూడా తన వంతు ఆలస్యం కలుపుతుంది. రెండు దారుల్లోనూ ఆడి చూసి, చేతికి ఏది దగ్గరగా తోస్తే దాన్నే పట్టుకోండి.

బాతుల్ని కాల్చే తుపాకీ ఎందుకు పనిచేయదు?

ఇది మెనూలో సరిచేయలేని చిక్కు. తుపాకీ నుంచి తెర మీదికి ఏమీ వెళ్లదు, తెర నుంచే వెలుగు తుపాకీలోకి వస్తుంది. 1984 నాటి డక్ హంట్‌లో మీట నొక్కగానే తెర ఒక్క తెర సమయం పాటు పూర్తిగా నల్లబడుతుంది. వెంటనే బాతు ఉన్న చోట తెల్లటి గడి వెలుగుతుంది. తుపాకీ గొట్టంలోని వెలుగు గ్రాహకం ముందు చీకటిని, తర్వాత వెలుగును చూస్తే గురి కుదిరినట్టు. రెండు బాతులుంటే రెండు గడులూ ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి. ఏ తెరలో వెలుగు తగిలిందో దాన్ని బట్టి ఏ బాతో తెలుస్తుంది. గురి లేకుండా బల్బు వైపు కాల్చి గెలవకుండా ఆ మొదటి చీకటి తెర కాపలా.

కొత్త టీవీలో ఆ తెల్ల గడి మూడు నాలుగు తెరల తర్వాత వెలుగుతుంది. ఆట అప్పటికే 'తప్పింది' అని తేల్చేసి ఉంటుంది. ఆలస్యం లేని టీవీ దొరికినా లాభం లేదు. నింటెండో తుపాకీ లోపలి సర్క్యూట్ డబ్బా టీవీ ధార సెకనుకు దాదాపు 15 వేల సార్లు వేసే గీతల మిణుకును గుర్తుపట్టేలా తయారైంది. ఎల్‌ఈడీ తెర వెలుగులో ఆ మిణుకే లేదు. కాబట్టి తుపాకీ ఆటలకు డబ్బా టీవీ ఒక్కటే దారి.

ప్లేస్టేషన్ 2 ఉంది. దానికీ ఇన్ని తిప్పలా?

తక్కువే. 2000లో వచ్చి 2013 దాకా మార్కెట్లో నిలబడిన ఈ పెట్టె ప్రపంచవ్యాప్తంగా 15 కోట్లకు పైగా అమ్ముడైంది. మన తెలుగువాళ్లకు ఇంకో బంధం కూడా ఉంది. హైదరాబాద్‌కు చెందిన అరోనా టెక్నాలజీస్ చేసిన 'హనుమాన్: బాయ్ వారియర్', గేమ్‌శాస్త్ర చేసిన 'దేశీ అడ్డా' రెండూ 2009లో ఈ పెట్టె కోసం వచ్చినవే. ఆ డిస్కులు ఎవరింట్లోనైనా ఉంటే దాచుకోదగ్గవే.

పీఎస్2 ఆటల్లో చాలావరకు మామూలు టీవీ ప్రసారం లాగే రెండు విడతల బొమ్మను పంపుతాయి. అది కొత్త టీవీకి తెలిసిన భాషే. పసుపు పిన్నును వదిలేసి కాంపొనెంట్ వైరు కొంటే తేడా అక్కడికక్కడే కనిపిస్తుంది. వెలుగు, రంగు వేర్వేరు తీగల్లో వస్తాయి కాబట్టి చీమలు పాకడం ఆగిపోతుంది. వైరు మార్చే ముందే పెట్టె మెనూలో 'సిస్టమ్ కాన్ఫిగరేషన్' తెరిచి, కాంపొనెంట్ వీడియో అవుట్‌ను 'ఆర్‌జీబీ' నుంచి 'వై' తో మొదలయ్యే రెండో ఎంపికకు మార్చండి. మర్చిపోతే రంగులు వికారంగా వస్తాయి. ఆట మొదట్లో 50 హెర్ట్జా, 60 హెర్ట్జా అని అడిగితే 60 ఎంచుకోండి.

టీవీకి కాంపొనెంట్ రంధ్రాలు లేకపోతే, పీఎస్2 వెనక నేరుగా దిగే చిన్న హెచ్‌డీఎంఐ ముక్క కొన్ని వందలకు దొరుకుతుంది. అది సిగ్నల్‌ను అంకెలుగా మారుస్తుంది గానీ సాగదీయదు. పీఎస్2 ఆటలకు ఫరవాలేదు. అదే పెట్టెలో పీఎస్1 డిస్కు వేస్తే మళ్లీ 240పి వచ్చి చాలా టీవీలు 'సిగ్నల్ లేదు' అంటాయి. పీఎస్3, ఆ తర్వాతి పెట్టెలకు హెచ్‌డీఎంఐ పుట్టుకతోనే ఉంది కాబట్టి వాటితో గొడవే లేదు.

వేలు పోసి ప్రత్యేక పెట్టె కొనాలా? పాత టీవీనే తెచ్చుకుంటే పోలా?

పాత ఆటల కోసమే తయారైన మార్పిడి పెట్టెలు ఉన్నాయి. 240పిని 240పిగానే గుర్తించి, ఒక్కో గీతను రెండు, మూడు, నాలుగింతలు చేసి పంపుతాయి. డిజైన్ అంతా బహిరంగంగా ఉంచిన ఓఎస్‌ఎస్‌సీ అనే పెట్టె తెర మొత్తం వచ్చేదాకా ఆగదు, గీత వచ్చినప్పుడే దాన్ని పంపేస్తుంది. దాని ఆలస్యం కంటికి, చేతికి అందేది కాదు. కానీ మొదటి ఓఎస్‌ఎస్‌సీ పసుపు పిన్నును తీసుకోదు, కాంపొనెంట్, ఆర్‌జీబీ లాంటివే తీసుకుంటుంది. మన క్యాసెట్ పెట్టెకు ఉన్నది పసుపు పిన్ను ఒక్కటే కాబట్టి అది కొని లాభం లేదు. రెట్రోటింక్ 2ఎక్స్ లాంటివి పసుపు పిన్నునూ తీసుకుంటాయి. ఇవన్నీ విదేశాల నుంచి తెప్పించుకునేవి, ధర వేలల్లో ఉంటుంది, కస్టమ్స్ సుంకం అదనం. అదే వరుసలో వచ్చిన రెట్రోటింక్ 4కే ధర విడుదలప్పుడే 750 డాలర్లు. రెండు మూడు రకాల పాత పెట్టెలు జాగ్రత్తగా దాచుకుని రోజూ ఆడేవారికే అంత ఖర్చు తగును.

డబ్బా టీవీ మాటకొస్తే, తుపాకీ ఆటలకూ, ఆలస్యం అసలే ఓర్చుకోలేని వారికీ దానికి మించింది లేదు. పాత సామాను కొట్లో 14 అంగుళాల రంగుల టీవీ నడిచే స్థితిలో దొరికితే అన్ని మార్పిడి పెట్టెల కన్నా చవక. కొనే ముందు ఏవీ రంధ్రం ఉందో లేదో చూడండి, గేమ్ తీసుకెళ్లి అక్కడే పెట్టి చూడండి. బొమ్మ సరిగా రాకపోతే సొంతంగా వెనక మూత మాత్రం విప్పకండి. రంగుల పిక్చర్ ట్యూబు 20 వేల వోల్టులకు పైగా పట్టుకుంటుంది, స్విచ్ ఆపాక కూడా అందులో కరెంటు నిలిచి ఉండవచ్చు. అది మెకానిక్ పని. ట్యూబు గాజులో సీసం ఉంటుంది కాబట్టి పాడైపోయినదాన్ని పగలగొట్టి చెత్తలో వేయకూడదు, ఈ-వ్యర్థాలు తీసుకునేవారికే ఇవ్వాలి.

పిల్లలతో సెలవుల్లో నాలుగు రోజులు మారియో ఆడుకోవడానికైతే ఇంత ఖర్చు అక్కర్లేదు. ముందు టీవీతో వచ్చిన పొట్టి వైరు వెతికి నేరుగా కలపండి. 4:3, గేమ్ మోడ్, తగ్గించిన షార్ప్‌నెస్, ఈ మూడూ సర్దండి. సగం ఇళ్లలో ఇక్కడికే పని అయిపోతుంది. అవకపోతే కొన్ని వందల రూపాయల మార్పిడి పెట్టెతో ప్రయత్నించండి, దాని మీట 720 వైపు ఉంచి మొదలుపెట్టండి. అదీ నచ్చక వేలు పెట్టబోతే, అమ్మేవాణ్ణి 1080 వస్తుందా, ఫోర్‌కే వస్తుందా అని అడగకండి. పసుపు పిన్ను తీసుకుంటుందా, 240పిని 240పిగానే గుర్తుపడుతుందా అని అడగండి. రెండింటికీ సూటిగా 'అవును' అని చెప్పలేని పెట్టె, పైన ఎంత పెద్ద అంకె రాసి ఉన్నా, మీ పాత ఆటకు చేసేదేమీ లేదు.